పోలమ్మక్క కుడికాలు

మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన ఒక పాత స్టెబిలైజర్ ఉంది. ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు తగ్గినప్పుడల్లా అది ‘టక్’మంటుంది. చిన్న చప్పుడే. కానీ అది వినపడగానే నేను ఏం చేస్తున్నా సరే, చేపలు కడుగుతున్నా, ఫోన్లో బేరం మాట్లాడుతున్నా, నా కుడికాలు ఉలిక్కిపడి నేల మీంచి లేస్తుంది. తర్వాత దాన్ని మెల్లగా దించి, అరికాలికి బండ చల్లగా తగిలిందో లేదో చూసుకుంటాను. మా ఆయన చాలాసార్లు నవ్వాడు. ఆ డబ్బా తీసేసి కొత్తది పెడదామన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆయనకు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడిక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను గానీ, చెప్పాక మీకైనా నాకైనా పూర్తిగా అర్థమవుతుందని మాత్రం మాటివ్వను. పోలమ్మక్క విషయంలో నాకు తేలింది తక్కువ, తేలనిది ఎక్కువ.

పోలమ్మక్కది కావలి దగ్గరి జువ్వలదిన్నె. రేవులో వేలం పాటకు వచ్చిన చేపలు కొని, ఐసులో సర్ది, తన సొంత వ్యానులో మద్రాసు తీసుకుపోయి అక్కడి వ్యాపారులకు వేసేది. చెన్నై అన్న మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. డ్రైవర్ని పెట్టుకోలేదు, తానే నడిపేది. భర్త బతికుండగా ఆయన నడిపేవాడట. ఆయన పోయాక వ్యాను అమ్మేయమని చుట్టాలందరూ వచ్చి చెబితే, అందరికీ టీలు పోసి పంపించి, మర్నాడు పొద్దున ఖాళీ ఇసక దిబ్బల మధ్య తనకు తానే నేర్చుకోవడం మొదలుపెట్టిందట. నేను చూసేసరికి ఆమెకు యాభై దాటాయి. కావలి నుంచి తడ దాకా హైవే మీద టీ అంగళ్ల వాళ్లందరికీ ఆమె తెలుసు. ముక్కుపుడక, నుదుటన రూపాయంత బొట్టు, చీర కుచ్చిళ్లు కొంచెం పైకి దోపి స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి. ఆ వ్యాను ఆమెకు కూడు మాత్రమే కాదు, పేరు కూడా. ఆమె చేతిలోంచి స్టీరింగ్ పోతే ఆమె రేవులో పదిమందిలో ఒకతె అవుతుంది. అది ఆమెకూ తెలుసు, ఆ రోజు కోసం ఎదురుచూసే వాళ్లకూ తెలుసు.

నేను ఆమె దగ్గరికి చేరింది అరవం కోసం. మాది సూళ్లూరుపేట. మా నాన్నకు స్టేషన్ దగ్గర టీ అంగడి ఉండేది. మద్రాసు బండ్లు దిగే వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ నాకు చిన్నప్పుడే అరవం పట్టుబడింది. డిగ్రీ చదివి ఉద్యోగం లేక కూర్చున్న రోజుల్లో, మా అంగడి ముందు వ్యాను ఆపి టీ తాగుతున్న పోలమ్మక్క, నేను ఒక ప్రయాణికుడితో అరవంలో చిల్లర కోసం పోట్లాడటం విన్నది. “మ్మే, ఇట్రా. ఆ పోట్లాట నా తరపున పోట్లాడతావా?” అని అడిగింది. అంతే నా ఇంటర్వ్యూ. ఆ తర్వాత వ్యానులో ఎడమవైపు సీటు నాదయింది.

మొదటిరోజే ఒక తిట్టు తిన్నాను. చెప్పులతో వ్యాను ఎక్కాను. పడవ ఎక్కేటప్పుడు వాళ్లు చెప్పులు వేసుకోరు. ఒడ్డునే విప్పేస్తారు. పోలమ్మక్క వ్యానుకు కూడా అదే ఆచారం పెట్టింది. శుక్రవారం బండి ముక్కుకు పసుపు రాసి బొట్లు పెట్టేది, లోపల ఈల వేయనిచ్చేది కాదు. “ఆడోళ్లను చేపల ఏటకు తీసకపోరు గదా. పడవ మీద కాలు పెట్టనీరు. ఇదే నా పడవ. చెప్పులిప్పి ఎక్కు,” అన్నది. ఆమె వట్టి కాళ్లతోనే బ్రేకు తొక్కేది, వట్టి కాళ్లతోనే క్లచ్ తొక్కేది. ఇంజను వేడికి కింది రేకు కాలిపోతున్నా ఆమెకు ఏమీ అనిపించేది కాదు. నేను సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఈమె ఎంత గట్టి మనిషి అని మురిసిపోయేదాన్ని.

నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆవిడే. నేను అడగలేదు. ఒకరోజు నాయుడుపేట దాటాక వ్యాను పక్కకు తీసి, దిగి, నన్ను అటు జరగమన్నది. నేర్పేటప్పుడు ఆమెకున్న కోపం ఇంతా అంతా కాదు. భుజం మీది తువ్వాలు తీసి మోకాలి మీద కొట్టేది. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలు తిన్నది ఒక్క అలవాటుకు. గేరు మార్చాక కూడా ఎడమకాలు క్లచ్ మీద ఆనించి ఉంచేదాన్ని. “పని లేని కాలు కిందుండాలి,” అనేది. “ఊరికే ఆనించి కూర్చోబాక. బండికి అనుమానం వస్తది, నొక్కతా ఉండావా లేదా అని.” ఈ మాట నాకు తర్వాత చాలా పనికొచ్చింది. ఆవిడకు పనికిరాలేదు.

ఆమె కుడికాలి సంగతి నేను ముందే పట్టుకోవలసింది, ఒకటికి రెండు ఆధారాలు కళ్లముందే ఉన్నాయి. ఒకసారి ఐసు షెడ్డులో నేల మీద నెత్తుటి చుక్కలు చూసి, ఎవరివా అని వెంటబడి పోతే అవి పోలమ్మక్క కాలి దగ్గర ఆగాయి. కుడి అరికాల్లో జెల్ల చేప ముల్లు అంగుళం మేర దిగి ఉంది. జెల్ల ముల్లు గుచ్చుకుంటే మగవాళ్లు కేకలు పెడతారు. ఆవిడ దానితోనే షెడ్డంతా తిరుగుతోంది. కూర్చోబెట్టి లాగాను. “ఏందే, ముల్లా?” అని ఆశ్చర్యంగా చూసింది. “సముద్రం ఒడ్డున పుట్టినోళ్ల కాళ్లు లే ఇవి,” అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమెకు షుగరున్న సంగతి నాకు తెలుసు, టీలో చక్కెర వద్దనేది. షుగరుకూ ముల్లుకూ ఏం సంబంధమో నాకప్పట్లో తెలియదు.

ఇంకోసారి ఐసు షెడ్డు ముందు వ్యాను ఆపబోతూ ఆపలేకపోయింది. బండి ఒక్కసారిగా ముందుకు ఉరికి, పేర్చి ఉన్న చేపల ట్రేలను కుమ్మేసి గోడకు తగిలి ఆగింది. ట్రేల మీద కూర్చుని బీడీ తాగుతున్న మనిషి అప్పుడే నిప్పు కోసం పక్కకు లేచి వెళ్లాడు. అందరూ పరిగెత్తుకొచ్చారు. పోలమ్మక్క దిగలేదు, స్టీరింగ్ పట్టుకుని అట్లాగే కూర్చుంది. “యాక్సిలేటర్ తీగ ఇరుక్కున్నట్టుండాది,” అన్నది చివరికి. మెకానిక్ మస్తాన్ వచ్చి ఆ తీగ మార్చాడు. తీసిన పాత తీగను అటూ ఇటూ లాగి చూసి, “బాగానే ఉండాదే ఇది,” అని గొణుక్కున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా.

మస్తాన్‌ది కావలి రోడ్డులో షెడ్డు. ముప్పై ఏళ్లవాడు, ధైర్యం ఎక్కువ. ఫోన్లో వీడియో చూస్తే విమానం కూడా విప్పగలననే రకం. పోలమ్మక్కను సొంత అక్కలాగా చూసేవాడు, అంతకన్నా ఎక్కువగా భయపడేవాడు.

ఆ గోడ సంగతి జరిగిన కొన్నాళ్లకే పోలమ్మక్క మద్రాసులో ఒక వింత చూసింది. ఒక చేపల వ్యాపారి ఆమెను తన కొత్త కారులో గోడౌన్ దాకా తీసుకెళ్లాడు. దారిలో ఆయన స్టీరింగ్ మీద ఏదో బటన్ నొక్కి, రెండు కాళ్లూ వెనక్కి లాక్కుని కూర్చున్నాడట. కారు దానంతటదే పోయిందట. తిరిగొచ్చేటప్పుడు గూడూరు దాటాక అన్నది: “మ్మే సుజాతా, కాలు పెట్టకుండా కారు పోయిందే. అది మన బండికి పెట్టియ్యాలి.”

నాకు అయోమయంగా అనిపించింది. ఈమె ఫోన్లో దారి చూపించే గొంతునే నమ్మదు. హారన్ మార్చడానికి ఏడాది ఆలోచించింది. ఇరవై ఏళ్లనాటి డీజిల్ వ్యానుకు, ఏసీ కూడా లేని దానికి, క్రూజ్ కంట్రోల్ దేనికి? అడిగితే, “కాలు నొప్పే,” అన్నది. ఏ కాలు అంటే కుడికాలన్నది. ఎక్కడ అంటే విసుక్కున్నది. నొప్పి ఉన్న మనిషి కాలు పిసుక్కుంటుంది, కుంటుతుంది, మందు రాసుకుంటుంది. ఆమె అవేవీ చేయలేదు. ముల్లు దిగినా తెలియని కాలికి నొప్పేమిటన్న ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఏం చేసేదాన్నో అదీ తెలియదు.

మస్తాన్ మొదట నవ్వాడు, “అది కొత్త కార్లకు వస్తదక్కా, కంపెనీలోనే,” అని. తర్వాత ఫోన్ చూశాడు. పాత బండ్లకు విడిగా తగిలించే సామాను కూడా దొరుకుతుందని తేలింది. కొరియర్లో ఒక అట్టపెట్టె వచ్చింది. దాంతో వచ్చిన కాగితం చైనా భాషలో ఉంది. మస్తాన్ చూసిన వీడియోలో మనిషి ఏ భాష మాట్లాడుతున్నాడో మా ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు. “మాటతో పనేంది, చేతులు చూస్తే సాలదా,” అని మస్తాన్ పని మొదలుపెట్టాడు. ఇంజను పక్కన ఒక చిన్న మోటారు బిగించి, దాని గొలుసును యాక్సిలరేటర్ తీగకు తగిలించాడు. మనం కాలితో లాగే తీగను ఇకమీద అది లాగుతుంది. బండి కింద తిరిగే షాఫ్టుకు ఒక అయస్కాంతం కట్టి, ఎంత వేగంగా తిరుగుతోందో లెక్కపెట్టే బిళ్ల ఒకటి దాని ఎదురుగా పెట్టాడు. స్టీరింగ్ ముందున్న అమ్మవారి పటం పక్కన బటన్లు అంటించాడు. చివరికి ఒక వైరు తీసుకెళ్లి బ్రేకు లైటు స్విచ్చికి కలిపాడు.

“ఇది ఎందుకబ్బయా?” అని పోలమ్మక్క అడిగింది.

“ప్రాణం ఇదేనక్కా. నువ్వు బ్రేకు మీద కాలు పెట్టినావనుకో, ఎనకాల ఎర్ర లైటు ఎలగతది గదా. ఆ కరెంటు దీనికి తగలగానే టక్కున వదిలేస్తది. లేకపోతే మనం ఆపతా ఉంటే అది లాగతా ఉంటది.”

పోలమ్మక్క ఆ వైరు వంక చాలాసేపు చూసింది. “తెలివైందే,” అన్నది.

పెట్టాక మస్తాన్ హైవే మీద నడిపి చూపించాడు. అరవైకి వచ్చాక బటన్ నొక్కాడు. కాళ్లు రెండూ ముడుచుకున్నాడు. మా ముసలి వ్యాను, తుప్పు పట్టిన తలుపులతో, ఐసు నీళ్లు కార్చుకుంటూ, ఎవరూ తొక్కకుండానే పోయింది. నేను చప్పట్లు కొట్టాను. పోలమ్మక్క అమ్మవారికి దండం పెట్టుకుంది. తర్వాత తాను కూర్చుంది. అరవైకి తెచ్చింది, బటన్ నొక్కింది, కాలు తీసి కింద పెట్టింది. బండి కాసేపు పోయింది. ‘టక్’. వేగం పడిపోయింది. మళ్లీ తొక్కింది, మళ్లీ నొక్కింది. ఈసారి తర్వాతి వంతెన దాకా పోయి, ‘టక్’.

ఆ రోజు మొదలు మా ముగ్గురికీ అదే పని. ఆమె నొక్కుతుంది, అది వదిలేస్తుంది. ఒక్కోసారి వెంటనే, ఒక్కోసారి రెండు మూడు మైళ్లు పోయాక. మా తీరంలో ఏది చెడినా ఒకటే కారణం చెబుతారు, ఉప్పుగాలి. టీవీ పాడైనా ఉప్పుగాలే, తాళం పట్టకపోయినా ఉప్పుగాలే. మస్తాన్ కూడా అదే అన్నాడు. ప్రతి అతుకూ విప్పి, గీకి, గ్రీజు పూసి, టేపు చుట్టాడు. ఫలితం లేదు. అయస్కాంతం జరిగిందన్నాడు. జరగలేదు. బ్యాటరీ ఎర్తు సరిగా లేదన్నాడు. అదీ కాదు. పోలమ్మక్క నిమ్మకాయలు కట్టింది. ఆమె కట్టిన నిమ్మకాయలకు కూడా ఉప్పుగాలి కొట్టి నల్లబడ్డాయి. మస్తాన్ ఆ వీడియోను పదే పదే చూసేవాడు, ఆ తెలియని భాషలో ఆ మనిషి ఏదో ముఖ్యమైన మాట చెబుతున్నాడేమోనని.

అన్నిటికన్నా అయోమయం, నేను నడిపితే పనిచేయడం. ఒకరోజు ఆమె నన్ను కూర్చోబెట్టింది. బటన్ నొక్కాను. గూడూరు నుంచి నాయుడుపేట దాకా ఒక్క ‘టక్’ లేదు. నాకు లోపల సంతోషమేసింది, పైకి చూపించడానికి భయమేసింది. పోలమ్మక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

“నేనంటే దానికి గిట్టదు,” అన్నది.

“మిషనుకు గిట్టేదేంది, గిట్టందేంది అక్కా?”

“మరి నీ మాట ఎందుకు ఇంటా ఉండాది?”

ఆ మర్నాడు ఆమె ఒక పని చెప్పింది. “లోపల కూసుంటే మీకేం తెలవటంలా. ఇద్దరూ మోటారు సైకిలేసుకుని నా ఎనకాల రాండి. ఏం కనపడితే అది నాకు చెప్పాల.” మస్తాన్ తల గోక్కున్నాడు. లోపం ఇంజనులో ఉంటే వెనక నుంచి ఏం కనపడుతుందన్నాడు. ఆమె అప్పటికే చెప్పులు విప్పుతోంది.

ఆ ఉదయం నాకు బాగా గుర్తు. హైవే ఖాళీగా ఉంది, ఎండ ఇంకా ముదరలేదు. ముందు తెల్ల వ్యాను, వెనక మస్తాన్ బండి మీద మేమిద్దరం. వ్యాను వేగం నిలకడగా ఉంది, బటన్ నొక్కినట్టుంది. కాసేపటికి దాని వెనక రెండు ఎర్ర లైట్లు వెలిగాయి. మరుక్షణం వ్యాను నెమ్మదించింది. మస్తాన్ గబుక్కున బ్రేకు వేశాడు. ముందు రోడ్డు మీద ఏమీ లేదు. కుక్క లేదు, లారీ లేదు. లైట్లు ఆరాయి, వ్యాను మళ్లీ వేగం పుంజుకుంది. కొంతదూరం పోయాక మళ్లీ వెలిగాయి. మూడోసారి వెలిగేసరికి వెనకొస్తున్న బస్సువాడు హారన్ మోగించి తిట్టుకుంటూ పక్కనుంచి వెళ్లాడు.

ఒక టీ అంగడి ముందున్న ఖాళీ స్థలంలోకి ఆమె వ్యాను దించింది. మస్తాన్ పరిగెత్తాడు. “అక్కా, మాటిమాటికీ బ్రేకు ఎందుకేస్తా ఉండావు?”

“నేనా? నేనెందుకేస్తా? కాలు కింద పెట్టుకుని కూసోనుండా. పోలేరమ్మ తోడు.”

ఆమె అబద్ధమాడే మనిషి కాదు. మస్తాన్ ముఖం వెలిగిపోయింది. “దొరికిందక్కా! లైటు షార్టవతా ఉండాది. కాలు పెట్టకుండానే ఎలగతా ఉండాది. దాన్ని చూసి ఇది వదిలేస్తా ఉండాది!” అని వెనక్కి పరిగెత్తాడు. ఇంజను ఆపకుండా, బటన్ నొక్కాక ఎట్లా కూర్చుంటావో అట్లాగే కూర్చోమని ఆమెకు చెప్పమన్నాడు. నేను డ్రైవరు వైపు తలుపు తీసి నిలబడ్డాను. ఆమె కాలు ఎత్తి, కింద పెట్టింది.

“ఎలిగింది!” అని వెనక నుంచి మస్తాన్ కేక.

పోలమ్మక్క చీర అంచు పాదాల మీద పడి ఉంది. ఇన్నాళ్లూ పక్కనే కూర్చున్నా ఆ అంచు కింద ఏముందో నేను చూడలేదు. పెద్దామె కాళ్ల వంక ఎవరు చూస్తారు? వంగి, అంచు కొంచెం ఎత్తాను. కుడికాలు కింది రేకు మీద లేదు. మడమ మాత్రమే రేకు మీదుంది, ముందరి పాదం బ్రేకు పెడల్ అంచు మీద ఆనుకుని ఉంది. బొటనవేలు పక్కన ఎప్పటిదో కాలిన బొబ్బ పగిలి ఎర్రగా ఉంది. నేను ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, పెడల్ మీంచి తీసి, పక్కన రేకు మీద పెట్టాను.

“ఆరిపోయింది!” మస్తాన్ గంతులేస్తున్నట్టుంది. “ఏం చేసినావు సుజాతక్కా? ఏం ముట్టుకున్నావు?”

పోలమ్మక్క ముందు అద్దంలోంచి రోడ్డు వంకే చూస్తోంది. నా చేతులు ఇంకా ఆమె పాదం మీదే ఉన్నాయి.

“ఏం ముట్టుకున్నావే?” అని ఆమె కూడా అడిగింది.

ఆ ట్రేల మీద కూర్చుని బీడీ తాగిన మనిషి ముఖం కళ్లముందుకొచ్చింది. “వైరక్కా,” అన్నాను. అని, వెనక్కి మస్తాన్ దగ్గరికి నడిచాను. వాడికి చెప్పాను. వాడు నమ్మలేదు. వెళ్లి, ఇంకోసారి కాలు ఎత్తి దించమని చెప్పి చూసొచ్చాడు.

“చెప్పబాక సుజాతక్కా,” అన్నాడు మెల్లగా. “ఆ బ్రేకు వైరు తీసేస్తా. కాలు యాడున్నా ఇంగ దానికి తెలవదు. టక్కుమనదు. అక్క సంతోషపడతది.”

“బ్రేకు ఏసినా వదలదు గదా అప్పుడు?”

“అది... చూసుకుంటది లే. ఇన్నేళ్లు నడిపింది. బండి పోతే ఆ మనిషి బతకదక్కా.”

వాడన్నది తప్పని నేను అనలేను. ఆమెను స్టీరింగ్ ముందు నుంచి లేపడమంటే ఏమిటో నాకూ తెలుసు. నా జీతం, నా సీటు, నాకు నేర్పిన చెయ్యి అన్నీ అందులోనే ఉన్నాయి. టీ అంగడాయన గ్లాసులు కడుగుతూ మా వంక చూస్తున్నాడు. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఎవరి మీద కోపమో తెలియలేదు. బహుశా ఆ అట్టపెట్టెలో వచ్చిన వస్తువు మీదే. అది ఆమె పాదం ఎక్కడుందో ఆమెకన్నా ముందు కనిపెట్టి, అన్నిరోజులుగా ‘టక్’ ‘టక్’మని చెబుతూనే ఉంది. మేమేమో దానికి గ్రీజు పూశాం.

తిరిగి తలుపు దగ్గరికి వెళ్లాను. “అక్కా, లైటు బాగానే ఉండాది. వైరూ బాగుండాది. నీ కాలు బ్రేకు మీదుండాది. ఇందాక నేను రెండు చేతులా పట్టుకుని తీసి కింద పెట్టినా. నీకు తెలీలా.”

ఒక లారీ పోయింది. దాని దుమ్ము మా మీద పడి సర్దుకుంది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది.

“ఏ కాలు?”

ఆమె వంగి, తన చేత్తో తన కుడి పాదం తడిమి చూసుకుంది, చీకట్లో పోయిన వస్తువు వెతుకుతున్నట్టు. ఇంజను ఆపింది. దిగింది. వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, బండి ముక్కు మీది పసుపు బొట్టు దగ్గర చెయ్యి పెట్టి నిలబడింది. తర్వాత ఎడమవైపు తలుపు తీసుకుని నా సీట్లో కూర్చుంది. నేను కదలకుండా నిలబడి ఉంటే లోపల నుంచి కేకేసింది. “ఐసు కరిగిపోతా ఉండాది. చెప్పులిప్పి ఎక్కు.”

ఆ తర్వాత ఆమె మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. ఇదంతా విని ఆమె నన్ను మెచ్చుకుందనో, ఆశీర్వదించిందనో మీరనుకుంటే అది జరగలేదు. నెలకు పైగా నాతో మాట్లాడలేదు. పక్కనే కూర్చుని, ఏదైనా కావాలంటే ఫోన్లో మస్తాన్‌కు చెప్పేది, వాడు నాకు ఫోన్ చేసి చెప్పేవాడు. కావలి ఆసుపత్రిలో, షుగరుతో స్పర్శ పోయిందన్న ఆ కాలికి కట్టు కట్టించుకోవడానికి మాత్రం నన్నే రమ్మనేది, అదీ సైగతో. ఎదురుగా లారీ వస్తే ఆమె కుడికాలు గాల్లో లేని బ్రేకును తొక్కేది. ఇకమీద ఆమె తొక్కినా తొక్కకపోయినా ఎవరికీ ఏమీ కాదు. అది చూస్తూ నడపడం నాకు ఎంత కష్టంగా ఉండేదో చెప్పలేను.

మాటలు మొదలయ్యాక ఒకరోజు నాయుడుపేట దగ్గర టీ తాగుతూ ఉన్నట్టుండి అన్నది: “నువ్వు చెప్పవనుకున్నానే. ఆ మస్తాను గాడూ నువ్వూ నా మాటకు ఎదురు చెప్పరనే ఎనకాల రమ్మనింది.” అంటే, తనకు ముందే తెలుసా? మేము ఏమీ లేదంటే ధైర్యంగా నడుపుకోవచ్చనుకుందా? అడిగాను. “ఏమో,” అన్నది.

మరో రెండేళ్లకు ఆసుపత్రి మంచం మీద, ఆ పాదం అప్పటికే తీసేశారు, నా చెయ్యి పట్టుకుని ఇంకో మాట అన్నది. “చెప్తావని తెలిసే గదా నిన్ను పంపించింది. మస్తాను ఒక్కడే అయితే చెప్పేవాడు కాదు.” ఇది మొదటి మాటకు సరిగ్గా ఎదురు మాట. ఏది నిజమక్కా అని అడగబోయాను. నిద్రపోయింది. ఆ తర్వాత అడిగే సందర్భం రాలేదు. వారంలోనే పోయింది.

నేను రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టుకుని ఎన్నోసార్లు ఆలోచించాను. ఒక్కోసారి మొదటిది నిజమనిపిస్తుంది, ఆవిడ పట్టుదల తెలిసినదాన్ని గనక. ఒక్కోసారి రెండోది, ఆ వైరు వంక ఆమె అంతసేపు ఎందుకు చూసిందో గుర్తొచ్చినప్పుడు. ఒకవేళ రెండూ నిజమేనేమో, ఆ ఉదయం చెప్పులు విప్పుతున్నప్పుడు ఆమెకే తెలియదేమో. నాకు ఎటూ తేలలేదు.

ఇప్పుడు వ్యాను నాది. పాతది తుక్కు కింద పోయింది. కొత్తదానికి క్రూజ్ కంట్రోల్ కంపెనీ నుంచే వచ్చింది, ‘టక్’మనదు, మెత్తగా గంట కొడుతుంది. ఏడాదికోసారి, నాకేమీ లేకపోయినా, షుగరు పరీక్ష బాగానే వచ్చినా, మస్తాన్‌ను నా వెనక రమ్మంటాను. వాడి జుట్టు నెరిసింది, షెడ్డు పెద్దదయింది. గొణుక్కుంటూనే వస్తాడు. మొన్న కూడా వచ్చాడు. అదే టీ అంగడి ముందు ఆగాం.

“ఏం కనపడింది?” అన్నాను.

“ఏం లేదక్కా. లైట్లు ఎలగలా. బాగానే పోతా ఉండావు.”

“ఎలిగితే చెప్తావా?”

వాడు హెల్మెట్ తీసి, దాని లోపలికి చూశాడు. “వైరు మాత్రం తీసేయను లేక్కా,” అన్నాడు.

అంతకుమించి ఎవరి దగ్గరైనా ఏం అడగగలను? చెప్పులు విప్పి ఎక్కాను. అరవైకి వచ్చాక బటన్ నొక్కి, కుడికాలు తీసి కింద పెట్టాను. వెచ్చగా రేకు తగిలింది.